అమ్మానాన్నల గ్రీన్‌కార్డు, పిల్లల పెళ్లి ముహూర్తం

తెలుగులో 'పిల్లలు' అన్న మాటకు వయసుతో పని లేదు. నలభై దాటిన కొడుకు గురించి చెబుతూ కూడా "మా పిల్లాడు హైదరాబాద్‌లో ఉంటాడు" అంటారు. అమెరికా వలస చట్టం దగ్గర ఈ వెసులుబాటు దొరకదు. 21 ఏళ్లు నిండకుండా, పెళ్లి కాకుండా ఉన్నవాళ్లే అక్కడ పిల్లలు. 21 నిండిన రోజు నుంచి వాళ్లు 'కొడుకులు, కూతుళ్లు' అనే వేరే తరగతిలోకి మారిపోతారు. వినడానికి మాటల తేడాలా ఉంటుంది గాని, ఆ తేడా ఖరీదు ఐదారేళ్ల అదనపు నిరీక్షణ.

గ్రీన్‌కార్డు ఉన్న తల్లి గాని తండ్రి గాని, 21 దాటిన పెళ్లికాని కొడుకునో కూతురినో స్పాన్సర్ చేసే తరగతి పేరు ఎఫ్-2బి. తెలుగువాళ్ల మధ్య వలస కబుర్లన్నీ హెచ్-1బి లాటరీ చుట్టూ, ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డు చుట్టూ తిరుగుతాయి కాబట్టి దీని సంగతి పెద్దగా వినపడదు. కానీ ముందుతరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిటిజన్లయి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నకొద్దీ ఎఫ్-2బి చాలా ఇళ్లలోకి వచ్చేసింది. ఇందులో అర్హత ఉందా లేదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత పదేళ్లపాటు ఫైలు బతకడం, చావడం మాత్రం ఇంట్లో ఏ శుభకార్యం ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

అన్న ద్వారానా, అమ్మ ద్వారానా?

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. గుంటూరులో రిటైరైన దంపతులు. పెద్దకొడుకు ఇరవై ఏళ్ల కిందట ఎం.ఎస్.కి వెళ్లి, ఉద్యోగం, గ్రీన్‌కార్డు దాటి ఇప్పుడు అమెరికా సిటిజన్. చిన్నమ్మాయికి 24 ఏళ్లు, ఇక్కడే ఉద్యోగం చేస్తోంది. సిటిజన్ తన తల్లిదండ్రుల కోసం పెట్టే పిటిషన్‌కు కోటా లేదు, క్యూ లేదు. కాగితాల పని పూర్తయితే వాళ్లు వెళ్లిపోవచ్చు. అయితే ఈ తరగతిలో వెళ్లేవాళ్లు తమతోపాటు ఎవరినీ తీసుకెళ్లలేరు. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ల పిల్లలకు తల్లిదండ్రుల కేసులోనే చోటుంటుంది. సిటిజన్ కొడుకు పిలిస్తే వెళ్లే అమ్మానాన్నలకు ఆ సౌకర్యం లేదు. చిన్నమ్మాయికి 24 కాకుండా 16 ఏళ్లే అయినా అంతే, ఆమె వెనక ఉండిపోవాల్సిందే. వాళ్లు అక్కడికి వెళ్లి, గ్రీన్‌కార్డుదారులయ్యాక, ఆమె కోసం కొత్తగా ఐ-130 అనే పిటిషన్ వేయాలి.

ఇక్కడ రెండు దారులున్నాయి. అన్న తోబుట్టువుగా పిటిషన్ వేయొచ్చు, అది ఎఫ్-4. అమ్మో నాన్నో వేయొచ్చు, అది ఎఫ్-2బి. అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్‌లో 2024 అక్టోబరు సంచిక చూస్తే తేడా తెలుస్తుంది. ఆ నెల భారతీయుల ఎఫ్-4 క్యూలో 2006 మార్చి మొదట్లో పిటిషన్ వేసినవాళ్ల వంతు నడుస్తోంది. ఎఫ్-2బిలో 2016 మే 1 దగ్గర ఉంది. ఒకటి పద్దెనిమిదిన్నరేళ్లు, రెండోది ఎనిమిదిన్నరేళ్లు. కాబట్టి అమ్మానాన్నల ద్వారా వెళ్లడమే దగ్గరి దారి అని చాలామంది నిర్ణయానికి వచ్చేస్తారు. లెక్క సరైనదే. కాకపోతే ఎఫ్-4లో ఉన్న చెల్లెలు మధ్యలో పెళ్లి చేసుకుంటే భర్తను, పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లొచ్చు. ఎఫ్-2బిలో ఉన్న కూతురు పెళ్లి చేసుకుంటే ఫైలే పోతుంది. రెండు పిటిషన్లూ ఒకేసారి వేయకూడదన్న నిబంధన లేదు. ఒక్కో పిటిషన్ ఫీజు 2024 ఏప్రిల్ నుంచి కాగితం మీద వేస్తే 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో 625. పదేళ్ల మాటకు ఆ డబ్బు పెద్దది కాదు. అయినా ఆ రెండో పిటిషన్ వేసుకునేవాళ్లు తక్కువే. పెళ్లి సంగతి ఆ రోజున ఎవరికీ గుర్తుండదు.

బోర్డు మీద తేదీ చెప్పేది, చెప్పనిది

ఎఫ్-2బి ఎందుకింత నెమ్మదో తెలియాలంటే 1990 దగ్గరికి వెళ్లాలి. 1965 చట్టంలో గ్రీన్‌కార్డుదారుల భార్యాభర్తలు, పెళ్లికాని సంతానం అందరూ ఒకే తరగతి. 21 లోపు, 21 పైన అన్న విభజన లేదు. 1986లో వచ్చిన చట్టం, పత్రాలు లేకుండా ఉంటున్న దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత ఇచ్చింది. వాళ్లంతా గ్రీన్‌కార్డుదారులై తమవాళ్ల కోసం దరఖాస్తులు పెడితే ఆ క్యూ ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. 1990 చట్టం ఈ తరగతిని రెండుగా చీల్చింది. మొత్తం వాటా ఏటా 1,14,200. అందులో 77 శాతం భార్యాభర్తలకు, చిన్నపిల్లలకు, అది ఎఫ్-2ఏ. మిగిలిన 23 శాతం, అంటే 26,266 వీసాలు ఎఫ్-2బికి. ప్రపంచం మొత్తానికి కలిపి ఏడాదికి ఇంతే. ముప్పై ఏళ్లు దాటినా ఈ అంకె మారలేదు.

మనవాళ్లలో ఒక అపోహ ఉంది: 'ఇండియా వాళ్లకు అన్ని క్యూలూ పెద్దవే' అని. ఉద్యోగాల తరగతుల్లో అది నిజం, అందుకే భయం అలవాటైంది. ఎఫ్-2బిలో మాత్రం భారత్‌కు ప్రత్యేక క్యూ లేదు. మిగతా ప్రపంచంతో కలిసే నడుస్తోంది. విడిగా, ఇంకా వెనక నిలబడినవి మెక్సికో, ఫిలిప్పీన్స్. పైన చెప్పిన 2024 అక్టోబరులోనే మెక్సికో తేదీ 2005 జులై 1, ఫిలిప్పీన్స్ తేదీ 2011 అక్టోబరు 22.

ఇంకో పొరపాటు బులెటిన్‌ను చదవడంలో జరుగుతుంది. తిరుమలలో సర్వదర్శనానికి పన్నెండు గంటలని బోర్డు పెడితే, ఇప్పుడు లైన్లో నిలబడినవాళ్లకు పట్టే సమయం అది. వీసా బులెటిన్ అలా కాదు. ఈ రోజు గర్భగుడి ముందున్నవాళ్లు ఎప్పుడు లైన్లోకి వచ్చారో మాత్రమే అది చెబుతుంది. వాళ్ల వెనక ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండి ఉన్నాయో చెప్పదు. ఒక్కో నెల తేదీ రెండు వారాలు జరుగుతుంది, ఒక్కోసారి నెలల తరబడి కదలదు, కోటా అయిపోవస్తే వెనక్కి కూడా పోతుంది. కాబట్టి ఈ రోజు పిటిషన్ వేస్తూ 'ఎనిమిదిన్నరేళ్లలో వచ్చేస్తుంది' అనుకోవడం తప్పు లెక్క. ఎక్కువ పడుతుందనే అనుకుని ఇంటి పనులు ప్లాన్ చేసుకోవడం మంచిది.

ఒక ఊరట ఏమిటంటే, క్యూలో స్థానం పిటిషన్ అందిన రోజుతో ఖాయమవుతుంది. దాన్నే ప్రయారిటీ డేట్ అంటారు. అప్రూవల్ ఏడాదికి వచ్చినా నాలుగేళ్లకు వచ్చినా వంతు మారదు. అప్రూవల్ నోటీసు రాగానే స్వీట్లు పంచడం, రాలేదని టెన్షన్ పడటం రెండూ అనవసరమే. అప్రూవల్‌తో నిజంగా పనిపడే సందర్భం ఒకటుంది, అది కింద వస్తుంది.

మూడు ముళ్లు

ఎఫ్-2బి గురించి ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోవాల్సి వస్తే, గ్రీన్‌కార్డుదారులు పెళ్లయిన సంతానాన్ని స్పాన్సర్ చేసే తరగతి అమెరికా చట్టంలో అసలే లేదన్నది గుర్తుపెట్టుకోవాలి. సిటిజన్లకు ఆ హక్కుంది, గ్రీన్‌కార్డుదారులకు లేదు. అందువల్ల పిటిషన్ నడుస్తుండగా కొడుక్కో కూతురికో పెళ్లయితే, ఆ క్షణం నుంచే పిటిషన్ దానంతటదే రద్దవుతుంది. ఏ అధికారీ ఆర్డరు రాయనక్కర్లేదు, ఇంటికి ఉత్తరం రానక్కర్లేదు. విషయం తెలియక మరో ఐదేళ్లు బులెటిన్ చూసుకుంటూ కూర్చునేవాళ్లకు, చివర్లో ఇంటర్వ్యూ ముందు కాగితాలు నింపేటప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. ఆ తర్వాత విడాకులు తీసుకున్నా పాత ఫైలు లేవదు. పాత తేదీ కూడా పోతుంది.

గుంటూరు అమ్మాయి దగ్గరికే వద్దాం. పిటిషన్ వేసేనాటికి 24. వంతు వచ్చేసరికి 33 దాటుతుంది. ఈ మధ్యలో ఆమె పెళ్లి మాట ఎత్తకుండా బంధువులు ఊరుకునే ఇల్లు తెలుగునాట ఎక్కడుంది? 28 ఏళ్లప్పుడు మంచి సంబంధం వస్తుంది. 'పిటిషన్ ఎలాగూ ఉంది కదా, అల్లుడి పేరు తర్వాత చేర్పిద్దాం' అనుకుంటారు. చేర్చడానికి ఇక ఏమీ మిగలదు.

అదే పెళ్లి, నాన్న అమెరికా సిటిజన్ అయ్యాక జరిగితే కథ పూర్తిగా మారిపోతుంది. తండ్రి సిటిజన్ అయిన రోజున ఎఫ్-2బి పిటిషన్ దానంతటదే ఎఫ్-1గా, అంటే సిటిజన్ల పెళ్లికాని సంతానం తరగతిగా మారుతుంది. ఆ తర్వాత పెళ్లయితే ఎఫ్-3గా, అంటే సిటిజన్ల పెళ్లయిన సంతానంగా మారుతుంది. ప్రయారిటీ డేట్ అలాగే ఉంటుంది, భర్తకు, పిల్లలకు కూడా చోటుంటుంది. ఎఫ్-3 క్యూ పెద్దదే. 2024 అక్టోబరులో 2010 ఏప్రిల్ 15 దగ్గర ఉంది. కానీ ఏళ్ల తరబడి నిలబడిన చోటు పోదు. మార్చిలో నాన్న సిటిజన్‌గా ప్రమాణం, ఏప్రిల్‌లో పెళ్లి అయితే ఫైలు బతుకుతుంది. ఫిబ్రవరిలో పెళ్లి, మార్చిలో ప్రమాణం అయితే కొత్త పిటిషన్‌తో సున్నా నుంచి మొదలు. పురోహితుడు ముహూర్తం పెట్టేముందు పంచాంగంతోపాటు నాన్నగారి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ తేదీ కూడా చూడాలని సరదాకు అనొచ్చు గాని, ఇలాంటి కుటుంబాల్లో అది సరదా మాట కాదు.

ఇక్కడే ఒక ప్రమాదకరమైన సలహా ఊళ్లలో తిరుగుతుంటుంది: 'పెళ్లి చేసేయండి, రిజిస్టర్ చేయించకండి. కాగితం లేకపోతే పెళ్లి కానట్టే.' అమెరికా చట్టం చూసేది, పెళ్లి జరిగినచోట ఆ పెళ్లి చెల్లుతుందా లేదా అని. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఆచారం మేరకు జరిగిన పెళ్లి చెల్లుతుంది. సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడో అడుగు పడగానే వివాహం పూర్తయినట్టే. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. అన్నవరంలో పదిమంది మధ్య చేసిన పెళ్లి ఆఫీసులో నమోదు కాకపోయినా పెళ్లే. దీన్ని దాచి వీసా తెచ్చుకుంటే, అది తర్వాత భార్యకు స్పాన్సర్ చేసేటప్పుడో, సిటిజన్‌షిప్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడో బయటపడుతుంది. పెద్దపిల్ల పుట్టినతేదీ ఒక్కటి చాలు. అప్పుడు పోయేది ఆ దరఖాస్తు ఒక్కటే కాదు, గ్రీన్‌కార్డు కూడా.

దీనికి తలకిందులు పొరపాటు ఇంకోటి. వరుడు వేరే దేశంలో ఉంటే, వీసా పనుల కోసం ముందుగా రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుని, ఆరు నెలల తర్వాత మంటపంలో వేడుక చేసే అలవాటు ఇప్పుడు మామూలైంది. ఇంట్లోవాళ్ల దృష్టిలో అసలు పెళ్లి ఆరు నెలల తర్వాతది. చట్టం దృష్టిలో సంతకం పెట్టిన రోజుదే. నిశ్చితార్థం వరకు ఇబ్బంది లేదు, దాన్ని ఏ చట్టమూ పెళ్లి అనదు.

విడాకులు పొందినవాళ్లు, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు పెళ్లికానివాళ్ల కిందికే వస్తారు. వాళ్ల 21 లోపు పిల్లలు కూడా వెంట రావచ్చు. కూతురు ఒంటరిదై బిడ్డతో పుట్టింటికి చేరిన ఇళ్లలో ఈ తరగతి నిజంగా అక్కరకొస్తుంది. వీసా కోసం కాగితం మీద విడాకులు తీసుకుని ఒకే ఇంట్లో కాపురం చేయడం మాత్రం మోసం కిందికి వస్తుంది.

పెళ్లయినవాళ్లు వేరే కుటుంబమైపోతారు కాబట్టి వాళ్లను తల్లిదండ్రుల వెంట పంపనక్కర్లేదన్నది ఈ నిబంధన వెనక తర్కం. ఆరు నెలల క్యూ అయితే ఈ తర్కాన్ని ఒప్పుకోవచ్చు. తొమ్మిదేళ్ల క్యూ పెట్టి, ఆ తొమ్మిదేళ్లూ ఇరవైల నుంచి ముప్పైల్లోకి నడిచే మనుషుల్ని పెళ్లి లేకుండా ఉండమనడం చట్టం తెలిసి చేసిన పనిలా కనిపించదు. కోటా అంకె ఒకచోట, పెళ్లి నిబంధన మరోచోట, రెంటినీ కలిపి చూసినవాళ్లు లేరు.

నాన్నగారి పాస్‌పోర్టు

అయితే నాన్న త్వరగా సిటిజన్ అయిపోతే సరిపోతుందా? మామూలుగా గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు దరఖాస్తు పెట్టొచ్చు. ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా గడ్డమీద ఉండాలి. ఇంగ్లిష్ పరీక్ష పాసవ్వాలి. 55 దాటి, గ్రీన్‌కార్డుతో 15 ఏళ్లు ఉన్నవాళ్లు, లేదా 50 దాటి 20 ఏళ్లు ఉన్నవాళ్లు మాతృభాషలో పౌరశాస్త్రం పరీక్ష రాయొచ్చు. కానీ 62 ఏళ్లకు అక్కడికి వెళ్లిన నాన్నకు ఆ సడలింపు అందేది 77 దాటాకే. ఈలోగా ఇంగ్లిష్ నేర్చుకోవడమే దారి. భారత పౌరసత్వం వదులుకోవడం ఇంకో మెట్టు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో కొత్తగా పొలం కొనే వీలుండదన్న మాట వినగానే వెనక్కి తగ్గే పెద్దవాళ్లున్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సిటిజన్ తరగతి కాబట్టి ఎఫ్-1 వేగంగా కదులుతుందని అనుకోవడం సహజం. 2024 అక్టోబరులో ఎఫ్-1 తేదీ 2015 అక్టోబరు 22. అంటే ఎఫ్-2బి కంటే ఆరు నెలలు వెనక. తండ్రి సిటిజన్ అయితే కూతురి వంతు ముందుకు రావడం పోయి వెనక్కి జరుగుతుందన్నమాట! దీనికి చట్టంలో విరుగుడు ఉంది: 'మా తండ్రి సిటిజన్ అయినా నేను ఎఫ్-2బిలోనే ఉంటాను' అని ఆ కూతురు రాతపూర్వకంగా కోరొచ్చు. ఎప్పుడో ఫిలిప్పీన్స్ వాళ్ల ఇబ్బంది తీర్చడానికి ఎక్కువగా వాడుకలోకి వచ్చిన ఈ వెసులుబాటు ఇప్పుడు మనవాళ్లకూ పనికొస్తుంది. పెళ్లి దగ్గర్లో లేని పిల్లలకు ఇది మేలు. పెళ్లి కుదిరేలా ఉన్నవాళ్లకు నాన్న సిటిజన్ కావడమే మేలు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ ఒకే జవాబు ఉండకపోవచ్చు.

సిటిజన్‌షిప్ దాకా వెళ్లకపోయినా, గ్రీన్‌కార్డు నిలబెట్టుకోవడమే చాలామంది పెద్దవాళ్లకు కష్టంగా ఉంటుంది. కోడలి ఇంట్లో చలికాలం గడపలేక, ఊళ్లో ఇల్లు, పొలం వదల్లేక, వాళ్లు దాన్ని పదేళ్ల విజిటర్ వీసాలా వాడతారు. ఏడాదికోసారి వెళ్లి మనవళ్లను చూసి నెలరోజుల్లో తిరిగొస్తారు. ఒకేసారి ఏడాదికి మించి బయట ఉంటే, ముందుగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే, నివాసం వదులుకున్నట్టే చూస్తారు. ఆ పర్మిట్ కూడా రెండేళ్లకు మించదు. ఏడాది లోపే వస్తూ పోతూ ఉన్నా, అసలు కాపురం ఇండియాలోనే ఉందని ఎయిర్‌పోర్టులో అధికారికి అనిపిస్తే ప్రశ్నలు మొదలవుతాయి. విసుగొచ్చి గ్రీన్‌కార్డు వెనక్కిచ్చేసే పెద్దవాళ్లూ ఉంటారు. ఆ సంతకంతో కూతురి పిటిషన్ కూడా పోతుంది. పిటిషన్ వేసిన మనిషి గ్రీన్‌కార్డుదారుగా ఉన్నంతవరకే దానికి ప్రాణం.

ప్రాణం అన్న మాట అక్షరాలా నిజమయ్యే సందర్భమూ ఉంది. 65 ఏళ్ల తండ్రి పిటిషన్ వేస్తే వంతు వచ్చేనాటికి ఆయనకు 74, 75. మధ్యలో ఆయన చనిపోతే పిటిషన్ రద్దవుతుంది. ఆ సమయానికి కూతురు అమెరికాలోనే నివసిస్తూ ఉంటే కేసు కొనసాగించమని కోరే వీలు చట్టంలో ఉంది. ఇండియాలో ఉంటే మిగిలేది ఒక్కటే: మానవతా దృష్టితో పిటిషన్‌ను మళ్లీ నిలబెట్టమని అడగడం. అది అధికారుల విచక్షణ. పైగా, తండ్రి బతికుండగానే పిటిషన్ అప్రూవ్ అయ్యుంటేనే అడగడానికి వీలు. అప్రూవల్ తేదీ పనికొచ్చే సందర్భం ఇదే. ఆయన స్థానంలో ఆర్థిక హామీ ఇవ్వడానికి అమెరికాలో ఉన్న దగ్గరి బంధువు, అంటే తల్లి లేదా అన్న ముందుకు రావాలి.

ఈ చిక్కుకు సులువైన మందు, తల్లి ఒకటి, తండ్రి ఒకటి, రెండు విడి పిటిషన్లు వేయడం. చాలామంది నాన్న పేరుమీదే వేస్తారు, ఇంటి పెద్ద కాబట్టి. నిజానికి కాగితాల పరంగా తల్లి పిటిషన్ తేలిక. బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరుంటే బంధుత్వం రుజువైనట్టే. తండ్రి వేస్తే పెళ్లి సర్టిఫికెట్ కూడా జతచేయాలి. 1970లలో, 80లలో పెళ్లయినవాళ్లకు అది ఒక పట్టాన దొరకదు.

ఆర్థిక హామీ విషయంలో కంగారు అవసరం లేదు. పిటిషన్ వేసినవారి ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. ముగ్గురి కుటుంబానికి 2025 లెక్కలో అది దాదాపు 33,312 డాలర్లు. రిటైరైన తల్లిదండ్రులకు అక్కడ సంపాదన ఉండదు, కాబట్టి సిటిజన్ కొడుకు జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెడతాడు. ఆ సంతకం బరువు మాత్రం కోడలికి కూడా తెలిసి ఉండాలి. చెల్లెలు సిటిజన్ అయ్యేదాకా, లేదా అక్కడ పదేళ్ల ఉద్యోగం పూర్తయ్యేదాకా ఆ బాధ్యత పోదు.

మధ్యలో పదేళ్లు

ఎఫ్-2బి పిటిషన్ ఉన్నంతమాత్రాన అమెరికాలో ఉండే హక్కు గాని, పని చేసే హక్కు గాని రాదు. పైగా అది ఇతర వీసాలకు అడ్డం పడొచ్చు. వీసా ఫారంలో 'మీ కోసం ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా' అన్న ప్రశ్న ఉంటుంది. అవునని నిజం రాయాలి. విజిటర్, స్టూడెంట్ వీసాలకు తిరిగొచ్చేస్తామని నమ్మించడం అసలు షరతు. అమ్మ, నాన్న, అన్న అందరూ అక్కడే, తన పేరుమీద పిటిషన్ కూడా ఉంది. అలాంటి అమ్మాయి ఎం.ఎస్. చదివి తిరిగొస్తానంటే కాన్సులర్ ఆఫీసర్ నమ్మడం కష్టం. అబద్ధం రాస్తే ఇంకా పెద్ద ముప్పు. అందుకే చదువుకు వెళ్లే ఆలోచన ఉంటే, ఆ వీసా వచ్చాక పిటిషన్ వేయడమా, ముందే వేయడమా అన్నది బాగా ఆలోచించాల్సిన విషయం. హెచ్-1బికి ఈ ఇబ్బంది లేదు, శాశ్వతంగా ఉండాలన్న ఉద్దేశం ఉన్నా దానికి చెల్లుతుంది. ఏడాదికి 85,000 మాత్రమే ఉండే ఆ లాటరీ తగిలితే, ఎఫ్-2బి వంతు వచ్చేదాకా అక్కడే ఉద్యోగం చేసుకోవచ్చు. వంతు వచ్చినప్పుడు అక్కడే గ్రీన్‌కార్డుకు మారాలంటే స్టేటస్ చెడకుండా ఉండి తీరాలి. సిటిజన్ల తల్లిదండ్రులకు ఉన్న మినహాయింపు వీళ్లకు లేదు.

అమెరికాలోనే పెరిగి, హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద ఉంటూ 21 దాటిన పిల్లల కథ వేరే. తండ్రి ఉద్యోగ గ్రీన్‌కార్డు దశాబ్దం పైగా నానుతుంది. ఈలోగా అబ్బాయికి 21 నిండి డిపెండెంట్ హోదా పోతుంది. 2002లో వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేసి కొందరిని కాపాడుతుంది. వయసు లెక్కకు బులెటిన్‌లోని ఏ తేదీ తీసుకోవాలన్నది 2023 ఫిబ్రవరిలో అధికారులు పిల్లలకు అనుకూలంగా మార్చారు. 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ పాత పద్ధతికి వెళ్లిపోయారు. ఆ లెక్కలోనూ అందనివాళ్లకు, తండ్రికి గ్రీన్‌కార్డు వచ్చాక ఎఫ్-2బి వేయడమే మిగులుతుంది, అది కూడా కొత్త తేదీతో.

ఆ 'కొత్త తేదీ' మీదే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తల్లి రోసలీనా క్వెయర్ డి ఒసోరియో. ఎల్ సాల్వడార్ ఆమెది. సిటిజన్ అయిన ఆమె తల్లి 1998లో పిటిషన్ వేసినప్పుడు ఆమె కొడుక్కి 13 ఏళ్లు. వీసా అందేసరికి 2005లో అతనికి 21 నిండి కొన్ని నెలలైంది. కొడుకు లేకుండానే ఆమె వెళ్లి, గ్రీన్‌కార్డుదారుగా కొడుకు కోసం పిటిషన్ వేస్తూ, అమ్మమ్మ పిటిషన్ నాటి తేదీనే తన కొడుక్కీ ఇవ్వమని అడిగింది. 2014 జూన్‌లో కోర్టు కాదంది. అమ్మమ్మ పిటిషన్, అమ్మ పిటిషన్ వేరు వేరు అన్నది తీర్పు సారం. గ్రీన్‌కార్డుదారు తన చిన్నపిల్లల కోసం వేసిన ఎఫ్-2ఏ పిటిషన్‌లో పిల్ల 21 దాటితే మాత్రం అదే తేదీతో ఎఫ్-2బిలోకి మారుతుంది, ఎందుకంటే పిటిషన్ వేసిన మనిషి మారలేదు. అందుకే, సిటిజన్ కొడుకు పిలిస్తే వెళ్లిన తల్లిదండ్రులకు ఇంకా 19, 20 ఏళ్ల పిల్లలుంటే, గ్రీన్‌కార్డు అందిన వారంలోనే ఐ-130 వేయాలి. చాలామంది ఇల్లు సర్దుకున్నాక చూద్దాంలే అనుకుంటారు.

ఈ తరగతి ఎన్నాళ్లు ఉంటుందన్నది కూడా చెప్పలేని విషయమే. అమెరికా వలస విధానాన్ని పరిశీలించిన, బార్బరా జోర్డన్ నాయకత్వంలోని కమిషన్ 1995లోనే, పెద్దవయసు సంతానాన్ని, తోబుట్టువుల్ని ఈ పథకం నుంచి తీసేయమని సిఫారసు చేసింది. 2017లో సెనేటర్లు టామ్ కాటన్, డేవిడ్ పర్డ్యూ తెచ్చిన రెయిజ్ బిల్లు కూడా భార్యాభర్తలు, చిన్నపిల్లలు తప్ప మిగతా తరగతులన్నీ ఎత్తేయాలంది. రెండూ చట్టం కాలేదు. కెనడా మాత్రం ఈ గీతను స్పష్టంగానే గీసుకుంది. 2017 అక్టోబరు నుంచి అక్కడ 22 ఏళ్ల లోపు పెళ్లికానివాళ్లే డిపెండెంట్లు, ఆపై వయసువాళ్లకు కొద్దిపాటి మినహాయింపులే. తొమ్మిదేళ్లు ఆశపెట్టి నిలబెట్టడం కంటే ముందే లేదని చెప్పడం నయమా అన్న వాదనలో కొంత నిజం ఉంది. కానీ క్యూలో ఇప్పటికే ఆరేడేళ్లు నిలబడినవాళ్లు దాన్ని ఒప్పుకుంటారని అనుకోలేం.

వంతు దగ్గరపడ్డాక పని కాగితాలదే. బర్త్ సర్టిఫికెట్ లేనివాళ్లు మున్సిపాలిటీ నుంచి 'జనన నమోదు లేదు' అన్న పత్రం, పదో తరగతి మెమో, పెద్దల అఫిడవిట్లు చూపాలి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, తల్లి గ్రీన్‌కార్డులో అసలు ఇంటిపేరే పేరుగా ఉండటం మనవాళ్ల కేసుల్లో మామూలు. ఇది పిటిషన్ వేసిన ఏడాదే సరిచేసుకుంటే తీరిగ్గా అయిపోయే పని. ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు ఎక్కువగా ముంబైలో జరుగుతాయి, కాబట్టి మెడికల్ పరీక్షలతో కలిపి అక్కడ కొన్ని రోజులు ఉండేలా వెళ్లాలి.

వీసా స్టాంపు పడ్డాక ప్రయాణానికి మామూలుగా ఆరు నెలల వరకు గడువుంటుంది. ఇంట్లో అందరికీ అప్పుడే పెళ్లి చేసి పంపాలన్న ఆలోచన వస్తుంది, పదేళ్లుగా ఆపుకున్నది కదా. విమానం దిగి, అక్కడ ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దాటేవరకు ఆమె పెళ్లికాని కూతురిగానే ఉండాలి. ఒక్కరోజు ముందు తాళి కట్టినా ఆ వీసా చెల్లదు. వెళ్లి, గ్రీన్‌కార్డు హోదా వచ్చాక నెలకో రెండు నెలలకో తిరిగొచ్చి పెళ్లి చేసుకోవచ్చు. అప్పుడు ఆమె తన భర్త కోసం ఐ-130 వేస్తుంది. అది ఎఫ్-2ఏ, 2024 అక్టోబరు లెక్కన చూస్తే రెండేళ్ల తొమ్మిది నెలలు.